చంద్రకళ చెట్టుకు తెల్లపూలు

“ఇది నా బిడ్డ పువ్వు గాదు!”

దుర్గవ్వ పొద్దుటి నుంచి ఈ మాట అంటూనే ఉంది. మొదటిసారి అన్నప్పుడు ఆ గొంతులో ఏడుపు ఉంది. ఇప్పుడు ఏడుపు పోయి, గోడ అవతలి వాళ్ళకు కూడా వినబడాలన్న పట్టుదల వచ్చింది.

సుమలత తలంటు పోసుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, దుర్గవ్వ పెట్టిన ఆకుపచ్చ చీరలో గుమ్మం దగ్గర నిలబడింది. లోపల పొయ్యి మీద పరమాన్నం అడుగంటుతున్న వాసన వస్తోంది. వెళ్ళి దించాలని తెలుసు. చూపు మాత్రం ప్రహరీ వైపే ఉంది.

ప్రహరీ పక్కన చంద్రకళ తెచ్చి నాటిన గులాబీ ఉంది. ఇంట్లో అందరూ దాన్ని చంద్రకళ చెట్టనే అంటారు. మొగ్గలు మరీ చిన్నగా ఉన్నాయేమిటా అని సుమలతకు మొన్ననే అనుమానం వచ్చింది. చలికి అలా ఉంటాయిలే అని సరిపెట్టుకుంది. ఈ పొద్దున అవి విచ్చుకున్నాయి. గుత్తులు గుత్తులుగా, రూపాయి బిళ్ళంతేసి తెల్లపూలు. ఒంటి వరస రేకులు, నడుమ పచ్చటి పుప్పొడి. ముక్కుకు ఆనించి చూసినా వాసన లేదు.

చంద్రకళ చెట్టు పువ్వంటే ఇదా? అది పిడికిలంత పువ్వు. ముదురు ఎరుపు. మొగ్గలో చూస్తే నలుపేమో అనిపించే ఎరుపు. ఒక్కటి కోసి బీరువాలో పెడితే బట్టలన్నిటికీ ఆ వాసనే పట్టేది.

చంద్రకళ అంటే ఈ ఇంటాయన రాఘవేందర్ ముందు పెళ్ళాం. బొట్టుతో పోయింది. ఏటా మాఘంలో ఆమె తిథి నాడు తల్లి దుర్గవ్వ ఆ చెట్టు పువ్వు కోసి ఫోటోకు పెడుతుంది. ఈ ఏడు అంతటితో సరిపోదు. పోయిన వేసవిలో సుమలత ఈ ఇంటికి రెండో పెళ్ళాంగా వచ్చినప్పుడు, దుర్గవ్వే ఆమె పుస్తెలతాడులో చంద్రకళ పేరిట చిన్న బంగారు బిళ్ళ కట్టించింది. “పోయిన బిడ్డ జాగాల వచ్చిన బిడ్డ” అని నలుగురిలో అంది. అనడం ఒకటి, అవడం ఒకటి. పెళ్ళయ్యాక వచ్చే మొదటి తిథి నాడు ఫోటోకు పెట్టిన పువ్వు తీసి, తల్లి తన చేత్తో రెండో ఆమె తలలో పెట్టాలి. అప్పుడే ఆమె బిడ్డ. అంతవరకు అల్లుడు తెచ్చుకున్న మనిషి, అంతే.

ఇవాళే ఆ తిథి. ఆ పువ్వు కోసమే సుమలత తెల్లారకముందే లేచి తలంటు పోసుకుంది. తల్లి లేని పిల్ల సుమలత. ఒక ముసలామె నలుగురిలో బిడ్డా అన్నందుకే ఇన్నాళ్ళూ మురిసిపోతూ వచ్చింది.

“నా బిడ్డ ఒప్పుకోలే,” అంది దుర్గవ్వ. “ఈమె తలల పువ్వు పెట్టుడు దానికి ఇష్టం లేదు. అందుకే పువ్వు గుంజుకుంది.”

“అత్తమ్మా, చెట్టుకేం తెలుస్తది...” అన్నాడు రాఘవేందర్. ఎయిర్‌పోర్టు కార్గోలో పని అతనికి. సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉన్నందుకు ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నట్టు ఉంది మొహం.

“చెట్టుకు తెల్వకుంటే మనిషికి తెలుస్తది. చెట్టును మార్చిన మనిషికి—”

అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగింది. దుర్గవ్వ నోరు తెరిచి ఉంచి ఆగింది. శంషాబాద్‌లో కొట్లాడుకునే వాళ్ళందరికీ విమానాశ్రయం వచ్చిన ఈ నాలుగేళ్ళలో అబ్బిన విద్య ఇది. విమానం పోయేదాకా మాటను నోట్లోనే పట్టుకుంటారు, పోగానే వదిలిన చోటి నుంచే అందుకుంటారు.

“—మంచిగ తెలుస్తది!”

“నేను మార్చలే అమ్మా,” అంది సుమలత.

“ఆషాఢంల పైపు పలిగిన నాడు చెట్లన్ని పీకిందెవరు?”

“నేనే. తవ్వాలంటే పీకక తప్పలేదు. మళ్ళ నేనే నాటిన.”

“ఏ గుంతల ఏ చెట్టు నాటినవ్?”

సుమలత జవాబు చెప్పబోయి ఆగిపోయింది.

గులాబీలంటే ఆమెకు పిచ్చి. బుద్వేల్‌లో పుట్టి పెరిగింది. అక్కడి నర్సరీల్లో ఒక్కో మొక్క ముందు గొంతుక్కూచుని, ఆకు తిప్పి చూసి, పువ్వు వాసన చూసి, అడిగిందే అడిగి నర్సరీ వాళ్ళను విసిగించేది. చూపుకు బాగున్న వాటికి వాసన ఉండదు, వాసన ఉన్నవి ఎండకు ఆగవు అని ఆమె లెక్క. ఆ లెక్కతోనే ఏరి, పసుపుది, కుంకుమ రంగుది, రెండు రంగుల రేకులది, గోడెక్కే తీగది తెచ్చి చంద్రకళ చెట్టు సరసన పెట్టింది. పైపు పగిలిన రోజున అన్నీ పీకి, ఆకులు దూసి, తడి గోనెపట్టాలో చుట్టి బాత్రూమ్ గోడ నీడన వరసగా పెట్టింది. ఆకులు దూసేస్తే గులాబీ మొక్కలన్నీ ముళ్ళ కట్టెలే. చంద్రకళ చెట్టు మోడు లావుగా ఉంటుంది, దాన్ని ఎలా పొరబడతాను అనుకుంది అప్పుడు. ఇప్పుడు దుర్గవ్వ అడిగేసరికి ఆ నమ్మకం కాస్తా ఊగింది. తీగ గులాబీ మోడు కూడా లావుగానే ఉండేదేమో? ఆ రోజు వాన వస్తోంది, చేతులు బురద. నిజంగా చూసే నాటిందా?

“చూసినవా, నోరు పడిపోయింది,” అంది దుర్గవ్వ.

“అమ్మమ్మా, నేను తయారైన.”

లోపలి నుంచి శోభ వచ్చింది. చంద్రకళ కూతురు. ఇంటర్ రెండో సంవత్సరం. భుజాన కాలేజీ బ్యాగు, చేతిలో బట్టల సంచి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ గొంతు మాత్రం తాపీగా ఉంది. ఆ తాపీ చూస్తేనే సుమలతకు భయం వేసింది.

“యాడికి?” అన్నాడు రాఘవేందర్.

“రావిర్యాల. అమ్మమ్మతోని.”

“వచ్చే నెల పరీక్షలు పెట్టుకుని...”

“రావిర్యాలల గూడ బస్సులుంటయి బాపూ.”

“జర ఆలోచించు బిడ్డా...”

“నువ్వు ఆలోచించినవా?”

రాఘవేందర్ తెల్లపూల వంక చూశాడు, సుమలత వంక చూశాడు, చివరికి తన చెప్పుల వంక చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య నలిగిన మగవాళ్ళను చూశాం గానీ, ఇతను ముగ్గురి మధ్య నలుగుతున్నాడు, నాలుగో ఆమె ఫోటోలో ఉంది.

“ఫోటోకు దండం పెట్టుకోని పోదాం పా,” అని దుర్గవ్వ మనుమరాలిని లోపలికి తీసుకుపోయింది. పోతూ పోతూ అల్లుడితో, “ఆటో మాట్లాడు,” అంది. అతను కాదనలేక గేటు వైపు నడిచాడు.

సుమలత వెళ్ళి పొయ్యి ఆర్పింది. పరమాన్నం నల్లగా అడుగంటింది. గిన్నె అక్కడే వదిలేసి మళ్ళీ చెట్టు దగ్గరికి వచ్చింది.

గోడ అవతల మసర్రత్ నిలబడి ఉంది. పక్కిల్లే. ఉర్దూ మీడియం బడిలో పంతులమ్మ. ఆమె మిద్దె నిండా గులాబీ కుండీలే. సుమలతకూ ఆమెకూ స్నేహం కలిసింది ఆ కుండీల వల్లే. ఇంతసేపూ అంతా విన్నదని మొహమే చెబుతోంది. విననట్టు నటించే గుణం ఆమెకు లేదు.

“రావాల్నా?” అని అడిగి, జవాబు కోసం చూడకుండానే గేటు తీసుకుని వచ్చేసింది.

“అక్కా, నేను చెట్లు తారుమారు చేసిన్నంటవా?”

“జర ఆగు. చూడనియ్యి.”

మసర్రత్ చెంగు బిగించి కూర్చుంది. ఒక కొమ్మ వంచి ఆకు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మొదట్లో మట్టిని వేళ్ళతో గీకసాగింది.

“దీని ఆకు చూడు. ఏడేసి ఉన్నయి. నీ పసుపు గులాబీకి చూడు, ఐదే. ఇది అడవి గులాబీ సుమలతా.”

“అడవి గులాబీ నా దగ్గర ఎప్పుడుండె? నేనేడ తెచ్చిన?”

“నువ్వు తేలే. చంద్రకళే తెచ్చింది.” మసర్రత్ తల పైకెత్తింది. “మనం కొనే మంచి గులాబీ ఒక్క చెట్టు గాదు, రెండు. కింద వేరు అడవిదానిది. దానికి బలమెక్కువ. మీద మంచిదాని కన్ను, అంటే చిగురొచ్చే మొగ్గ, తెచ్చి అంటు కడతరు. నా మిద్దె మీద నేను కట్టంగ నువ్వు చూడలే?”

“చూసిన.”

“అంటు కట్టిన కాడ ముడి ఉంటది. ముడి మీద నుంచి వచ్చేదే మంచి చెట్టు. ముడి కింద నుంచి పిలకొస్తే వెంటనే పీకెయ్యాలె. లేకపోతే అడవిది మంచిదాన్ని మింగేస్తది.” మట్టి తీసిన చోట వేలు పెట్టింది. “ఇగో, చూడు. లావు మోడు. ఇది చంద్రకళ చెట్టు మోడే. నువ్వు తప్పు నాటలే.”

సుమలతకు ఒక్కసారి ఊపిరి ఆడింది. గట్టిగా అరిచి లోపలున్న ఇద్దరినీ పిలవాలనిపించింది. నేను మార్చలేదు, చూడండి, అదే మోడు, అదే వేరు! ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు.

“కానీ ముడి లేదు,” అంది మసర్రత్.

“లేదంటే?”

“ముడి కింద నుంచే కోసిండ్రు. గీ కోత చూడు, ఏటవాలుగ ఉంది. చాకుతోని మంచిగ కోసి, మీద పసుపు గూడ పెట్టిండ్రు. మంచి చెట్టంత కోతతోనే పాయె. ఉన్నదంత అడవిదే.”

“ఎవరు కోసిండ్రు?”

“నన్నడిగితే? మీ ఇంటి చెట్టాయె.”

సుమలత బుర్ర తిరిగిపోయింది. తను కోయలేదు. రాఘవేందరా? ఆ చెట్టు చూస్తే మనసంతా అదోలా అవుతుందని పెళ్ళయిన కొత్తలో ఒకసారి అన్నాడు. అంతమాత్రాన కత్తి పడతాడా? దుర్గవ్వా? దసరాకు వచ్చి ఉండిపోయింది కొన్నాళ్ళు. సొంత బిడ్డ చెట్టును తనే కోసి తనే ఏడుస్తుందా? ఏడవదని ఎలా చెప్పగలం? బిడ్డా అంటూ చీర పెట్టిన చేత్తోనే, బిడ్డ కాకుండా చేసే పని కూడా చేసిందా? ఛ, ఏం ఆలోచనలు ఇవి అని తనను తనే తిట్టుకుంది. తిట్టుకుంటూనే మళ్ళీ అదే ఆలోచించింది. ఒక్క పొద్దుటిలో ఇంట్లో వాళ్ళంతా దొంగల్లా కనబడసాగారు.

“ఆ చెట్టును ముట్టకుండ్రి!”

శోభ. నుదుట విభూతి, చేతిలో సంచి. దుర్గవ్వ వెనకాల గుమ్మం దగ్గర ఉంది. గేటు బయట ఆటో వచ్చి ఆగింది, రాఘవేందర్ అందులోంచి దిగుతున్నాడు.

“బేటీ, నేను చూస్తున్ననంతే...” అంది మసర్రత్.

“చూసేటందుకేం మిగిలింది ఆంటీ? ఇది మా అమ్మ చెట్టు గాదు గద.” శోభ సుమలత వైపు తిరిగింది. ఇంతసేపూ దాచుకున్న తాపీ ఇప్పుడు పోయింది. “నువ్వు మార్చినవని నాకు కోపం లేదు. పొరపాటైంది అని ఆ రోజే చెప్తే ఊకుంటుంటి. నా కోపం వేరే దానికి. దానికి నేను నీళ్ళు పోస్తుంటే నువ్వు చూసుకుంట ఊకున్నవ్!”

“శోభా...”

“సకల జనుల సమ్మె నాడు కాలేజీలు బందైతే నేను దినాం దీని కాడనే కూసున్న. పైపు తవ్వినంక చెట్టు ఎండిపోతుంటే నాకు నిద్ర పట్టలే. కింద నుంచి పచ్చగ కొమ్మలొచ్చినయి. మా అమ్మ మళ్ళ లేస్తున్నదనుకున్న. మీద ఎండిన మోడు దానికి అడ్డమైతున్నదని నేనే చాకు తెచ్చి కోసేసిన. నొప్పి పెడ్తదని పసుపు పెట్టిన. దినాం బియ్యం కడిగిన నీళ్ళు పోసిన. కాలేజీకి పోయేటప్పుడు దానికి చెప్పి పోతుంటి. నువ్వు వంటింటి కిటికీల నుంచి చూస్తుంటివి. చూసి నవ్వుతుంటివి. వేరే చెట్టును పట్టుకోని అమ్మా అంటుందని నవ్వినవా?”

అలా అయితే కోసింది...

సుమలతకు అప్పటికి అర్థమైంది. అర్థమయ్యాక, అర్థం కాకపోతే బాగుండేదనిపించింది. నిజమే, కిటికీలోంచి చూసి నవ్వేది. ఆ పిల్ల ముద్దుగా చెట్టుతో మాట్లాడుతుంటే కడుపు నిండినట్టు ఉండేది. పిలకల సంగతి తనకూ కొంత తెలుసు, ఒక్కసారి దగ్గరికి వెళ్ళి మట్టి తీసి చూస్తే సరిపోయేది. తల్లీకూతుళ్ళ మధ్యకు నేనెందుకు అని వెళ్ళలేదు. మర్యాదకు పోయి ఊరుకుంది.

మసర్రత్ లేచి నిలబడింది. పంతులమ్మ కదా, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేదు.

“బేటీ, ఎండిన మోడు ఏ కాడ కోసినవ్? ఇక్కడొక ముడి...”

సుమలత ఆమె మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే మసర్రత్ గాజులు ఒత్తుకున్నాయి.

“నేనే మార్చిన,” అంది సుమలత.

“అరె, ఏం మాట్లాడుతున్నవ్!” అంది మసర్రత్.

“నువ్వూకో అక్కా. నేనే మార్చిన. పైపు తవ్వినప్పుడు. నాకు తెలుసు. తెలిసే ఊకున్న.”

గేటు దగ్గర రాఘవేందర్ అలాగే నిలబడిపోయాడు. దుర్గవ్వ గుమ్మం దిగింది. పొద్దుటి నుంచి ఆమె కావాలన్న మాట ఇదే. తీరా చేతికి వచ్చేసరికి ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. కొట్లాటకు ఎదుటివాళ్ళు కాదు కాదంటేనే బలం. అవునంటే చప్పబడిపోతుంది.

“విన్నవా అల్లుడా,” అంది. కానీ ఆ గొంతులో గెలిచిన ధీమా లేదు. దగ్గరికి వచ్చి సుమలత మొహంలోకి చూసింది. “నిజంగనేనా?”

“నిజమే అమ్మా.”

“అమ్మా అనకు.” దుర్గవ్వ చెయ్యి చాచింది. “నా బిడ్డ పేరు మీద కట్టించిన బిళ్ళ తియ్యి. ఇటియ్యి.”

“అత్తమ్మా!” అన్నాడు రాఘవేందర్.

సుమలత పుస్తెలతాడు బయటికి తీసింది. బిళ్ళకు కట్టిన దారం ముడి వేళ్ళకు అందడం లేదు. కళ్ళ నిండా నీళ్ళు. ఒక అబద్ధానికి ఇంత ఖరీదుంటుందని అనుకోలేదు. అయినా ఫరవాలేదనుకుంది. నీ చేత్తోనే అమ్మ చెట్టును కోసుకున్నావే అని ఆ పిల్లకు చెప్పడం కన్నా ఇది నయం. చెబితే, దాన్ని ఆ పిల్ల జన్మంతా మోస్తుంది. తనను తిట్టుకుంటూ రావిర్యాల వెళ్ళిపోతే, కొన్నాళ్ళకు మరిచిపోతుంది.

“ఆగు అమ్మమ్మా.”

శోభ ముందుకు వచ్చింది. అందరూ అనుకున్నట్టు ఆమె మొహంలో కోపం లేదు. ఏదో లెక్క కుదిరినట్టుగా కళ్ళు పెద్దవయ్యాయి.

“మార్చినవంటే... పీకి ఏం చేసినవ్? పారేసినవా?”

అవును అనాలి. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. అవునందామనే సుమలత నోరు తెరిచింది. కానీ తన వైపే చూస్తున్న ఆ మొహం చూసి, పారేశానన్న మాట నోటికి రాలేదు.

“పారెయ్యలే,” అంది.

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలిసి రాలేదు. పక్కన మసర్రత్ కళ్ళు మూసుకుంది.

శోభ చేతిలో సంచి జారి కింద పడింది.

“అంటే మా అమ్మ చెట్టు బతికే ఉంది!”

దుర్గవ్వ చాచిన చెయ్యి కిందికి దించింది. ఆ ముసలి మొహంలోకి కూడా, పంతం పోయి, ఏదో ఆశ వచ్చింది. అది చూడలేక సుమలత తల దించుకుంది.

“యాడ నాటినవ్? బుద్వేల్‌లనా? మీ ఇంటి కాడనా? ఎరుపు పువ్వే పూస్తున్నది గద? చెప్పు చిన్నమ్మా!” శోభ గబగబా చెప్పులు వేసుకుంటోంది. “ఆటో ఎట్లాగూ వచ్చింది. పా, పోదాం. నువ్వు చూపియ్యి, నేను కోస్త. అమ్మకు పెట్టినంక అమ్మమ్మ పెట్టకున్నా సరే, నీ తలల నేనే పెడ్త.”

వచ్చి సుమలత చెయ్యి పట్టుకుంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి సుమలత ఎదురుచూసిన చెయ్యి అది. వేడిగా ఉంది, చెమట పట్టి ఉంది, ముందుకు లాగుతోంది.

రాఘవేందర్ గేటు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. శోభ ముందు ఎక్కి, పక్కన చోటు చేసి, సుమలతను లోపలికి లాక్కుంది.

ఆటోవాడు వెనక్కి తిరిగాడు.

“యాడికి పోవాలె అమ్మా?”

శోభ సుమలత మొహంలోకి చూసింది.